మా అన్న ముక్కు

మా ఇంట్లో మగోళ్లందరివీ చెడిపోయిన ముక్కులే. మా నాయినది, మా అన్నది, నాది. ఒక్క మా అక్క ముక్కు మాత్రం నిక్షేపంగ ఉన్నది. ఆమెను కోదాడకిచ్చినం. ముక్కు ఎప్పుడూ దిబ్బడేసి ఉండటం, తల కిందికి వంచితే నొసలు పగిలినట్టు కావటం, చెంపబొక్క కింద రాయి పెట్టినట్టు బరువు, రాత్రి పండుకుంటే గొంతులోకి చీమిడి దిగటం, ఇవన్నీ మాకు పుట్టుకతో వచ్చినవే అనుకున్నం. చలికాలం వావిలాకు నీళ్లు కాగబెట్టి, దుప్పటి కప్పి ఆవిరి పట్టిచ్చేది అమ్మ. అంతకు మించి దాన్ని జబ్బు లెక్కన చూసినోళ్లు లేరు. సర్ది ఎవరికి లేదు అనేటోళ్లు. దానికి సైనసైటిస్ అనే పేరున్నదని నేను టీచర్ ట్రైనింగుకు నల్లగొండ పోయినంక తెలిసింది. అప్పటికి నాకు ఇరవై ఏండ్లు.

సూర్యాపేట నుంచి మిర్యాలగూడ పోయే తొవ్వలో మా ఊరు. ఊరి మురుగు ఎటు పారితే అటు దిక్కు మా మాదిగవాడ. నాయినకు లంద ఉండేది. ఊర్లో గొడ్డు చస్తే కబురొచ్చేది. నాయిన, ఇంకో ఇద్దరు పోయి మోసుకొచ్చేది. తోలు ఒలిచి, సున్నపు గుంటలో నానేసి, వెంట్రుకలు గీకి, తంగేడు చెక్క దంచిన నీళ్లతో ఊనేది. తోలును సంచి లెక్క కుట్టి, లోపల ఆ చెక్క నీళ్లు పోసి కొమ్మకు వేలాడదీస్తే బొట్టు బొట్టు కారేది. ఇప్పుడు తంగేడు పువ్వును రాష్ట్ర పుష్పం చేసిండ్రు. మా నాయిన చేతులు ఆ చెక్కతోనే చచ్చేదాక ఎర్రగ ఉండె.

ఆ తోలుతోనే చెప్పులు, ఎడ్ల పట్టెడలు, మోట బొక్కెనలు. బొక్కెన కావాలంటే రైతులు లంద కాడికి రావాలె. వచ్చి అల్లంత దూరాన నిలబడి, కండువ ముక్కుకు అడ్డం పెట్టుకొని, ఇంకో చెయ్యి ఊపుకుంట బేరం చేసేది. అదే బొక్కెనతో తోడిన నీళ్లే వాళ్ల పొలానికి పారేది, వాళ్ల కడుపులోకి పోయేది. బడిలో నన్ను తలుపు పక్కన కూచోబెట్టిండ్రు, గాలి బయటికి పోతదని. 'లందోడు' అని పేరు. నాకు నా వాసన ఎన్నడూ తెల్వలె. మూసుకపోయిన ముక్కుకు ఏ వాసన తెలుస్తది? పిల్లలు ముక్కు మూసుకుంటే, నా లెక్క వీళ్లక్కూడ సర్దే అనుకున్న చాలా రోజులు.

1967లో నాగార్జునసాగర్ కాల్వలకు నీళ్లొదిలినంక మిర్యాలగూడ దిక్కు భూములు తిరిగిపోయినయి. ఎడమ కాల్వ కింద వరి, వరి వెనక మిల్లులు. మా దిక్కు బావుల మీద కరెంటు మోటార్లు కూచున్నయి. మోట పోయింది, మోటతో పాటు నాయిన చేతి పనీ పోయింది. లంద గుంట పూడ్చే నాటికి అన్నకు పదహారేండ్లు. 1977లో మిర్యాలగూడ పోయి బాయిల్డ్ రైసు మిల్లులో హమాలీ అయిండు. వడ్లు నానబెట్టి ఆవిరి పట్టి ఎండబెట్టి పట్టిచ్చే మిల్లు. లోపలికి పోతే ఒక దిక్కు ఆవిరి, ఇంకో దిక్కు ఊక దుమ్ము. తడి వడ్లకు బూజు వాసన ఉంటదంటరు. అన్నకు అదీ తెల్వదు. సాయంత్రం ముక్కు చీదితే నల్లటి నుసి పడేది. తువ్వాల తడిపి మూతికి కట్టుకుంటే ఊపిరాడక బస్తా మోయలేకపోయేది. విప్పేసేటోడు. నలభై నాలుగేండ్లు మోసిండు. ఆ దుమ్ములో నలభై నాలుగేండ్లు ఊపిరి పీల్చినోని ముక్కు ఎట్లుంటదో వేరే చెప్పాల్నా?

నా సంగతి వేరే తీరుగ నడిచింది. రిజర్వేషన్‌తో సదువుకున్న, పంతులునైన. 1980లలో హైదరాబాదు పెద్దాసుపత్రిలో చెంప గదికి సూది గుచ్చి నీళ్లతో కడిగిండ్రు. బల్ల మీద కూచున్న నా నోట్లో నుంచి, ముక్కులో నుంచి ఏండ్ల నాటి చీము దుంకింది. నెల రోజులు హాయి, మళ్లీ మామూలే. 1998లో ముక్కులో నుంచి దుర్బీను పెట్టి ఆపరేషన్ చేయించుకున్న.

ఆ డాక్టరు ఓపికగ బొమ్మ గీసి చెప్పిండు. ముఖంలో నాలుగు జతల గాలి గదులుంటయి. నొసటి వెనక, కండ్ల నడుమ, చెంపల్లో, ఇంకా వెనకకు తలకాయ నడిమిట్ల. ఒక్కో గదికి సన్నటి కిటికీ. చెంప గది కిటికీ కింద ఉండాల్సింది పోయి పైకప్పు దగ్గర ఉంటది. అందుకని లోపల ఊరిన చీమిడి దానంతట అది కారదు. గోడలకు కంటికి కనపడని నూగు ఉంటది, అది పొద్దుమాపు ఊడ్చి ఊడ్చి చీమిడిని పైకి, కిటికీ దాక తోస్తది. దుమ్ముకో, పొగకో, జబ్బుకో నూగు పడిపోతే గది నిండుతది, కుళ్లుతది. ఊడ్చేటోళ్లు పని బంద్ చేస్తే ఊరేమైతదో ముఖమూ గదే అయితది.

పాత కాలం ఆపరేషన్లో పై పెదవి ఎత్తి, పండ్ల మీది చిగురు కోసి, చెంప ఎముకకు బొక్క కొట్టేటోళ్లట. చీమిడి ఆ కొత్త బొక్కను పట్టిచ్చుకోకుండ మళ్లీ పాత కిటికీ దిక్కే పోయేదట. ఆస్ట్రియాలో గ్రాజ్ నగరం డాక్టరు మెస్సెర్‌క్లింగర్ ఈ సంగతి దుర్బీనుతో చూసి కనిపెట్టినంక, కిటికీనే వెడల్పు చేసే పద్ధతి వచ్చింది. 1980లలో అది లోకమంత పాకింది. నాకు చేసింది అదే. ఊపిరి వచ్చింది. వాసన మాత్రం రాలేదు.

బిల్లు సర్కారు తిరిగిచ్చింది. అప్పుడు నాకు తోడున్నది అన్నే. ఆసుపత్రి వరండాలో కూచొని బిల్లు కాయితం తిప్పి తిప్పి చూసి, "నీది గవర్నమెంటు ముక్కు తమ్మీ, మాది హమాలీ ముక్కు" అన్నడు. నవ్వుకుంటనే అన్నడు. మిల్లులో పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు. ముఠా మేస్త్రీ బస్తాకింతని పంచుతడు, అంతే. ఆరోగ్యశ్రీ 2007లో వచ్చినంక ఒకసారి అన్నను తీసుకపోదామనుకుంటే, పది రోజులు మంచం మీదుంటే కూలి ఎవడిస్తడు అని రాలేదు.

2012లో కాలికి దెబ్బ తగిలి మానకపోతే రక్తం చూపిస్తే షుగరు బయటపడ్డది. గోలీలు ఒక నెల ఏసుకుంటే రెండు నెలలు మానేటోడు. అన్నం మిల్లు కాడ ఏ వేళ దొరికితే ఆ వేళ తినేటోడు. షుగరున్నోని ఒంట్లో రోగాన్ని ఎదుర్కొనే తెల్లకణాలు ఉంటయి గని అవి బద్ధకిస్తయట. జొరబడినోన్ని పట్టుకోవు, పట్టుకున్నా చంపవు.

కరోనా మా సూర్యాపేటను 2020 ఏప్రిల్‌లోనే పట్టుకున్నది. కూరగాయల మార్కెట్ నుంచి పాకి పట్టణం పేరు టీవీలెక్కింది. మనిషికీ మనిషికీ నడుమ ఇంత దూరం ఉండాలె, ముట్టుకోవద్దు, నీళ్లు పైనుంచి పొయ్యాలె అని మైకులో చెప్పుకుంట పోతుంటే మా వాడ ముసలోళ్లు ఒకరి మొకం ఒకరు చూసుకున్నరు. మా అత్త ఒకామె, "ఇది మాకు ట్రైనింగు అక్కర్లేదు బిడ్డా" అన్నది.

2021 ఏప్రిల్ ఆఖర్ల మిర్యాలగూడలో అన్నకు జ్వరం మొదలైంది. వడ్ల సీజను. మిల్లు బందు కాలేదు. వాడకట్టుకు వచ్చే ఆరెంపీ రెండో రోజే సూది వేసిండు, తెల్లారి మళ్లీ వేసిండు. ఒళ్లు తేలికై అన్న పనికి పోయిండు. ఆ సూది డెక్సామెథసోన్ అని వదినె దాచిపెట్టిన సీసా చూస్తే నాకు తర్వాత తెలిసింది. 2020 జూన్‌లో ఇంగ్లండులో పెద్ద పరీక్ష చేసి, ఆక్సిజన్ అవసరమైన రోగులకు ఈ మందు ప్రాణం పోస్తదని తేల్చిండ్రు. అదే పరీక్షలో ఆక్సిజన్ అక్కర్లేనోళ్లకు దీనితో లాభం లేదని కూడ తేలింది. మా దిక్కుకు ఆ వార్తలో మొదటి సగమే చేరింది. ఐదో రోజుకు ఆయాసం వచ్చింది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఉన్నడు. మళ్లీ స్టెరాయిడ్లు, ఈసారి అవసరానికే. షుగరు నాలుగు వందలు దాటింది. వదినె పుస్తె, కోడలి కమ్మలు పోయినయి. అన్న మాత్రం నడుచుకుంట ఇంటికొచ్చిండు.

వచ్చిన ఐదో రోజు ఫోను. "తమ్మీ, మన ముక్కు సంగతే, మళ్ల మోపైంది" అన్నడు. ఎడమ చెంప మొద్దుబారిందట. పై పండ్లు కదులుతున్నయట. ముక్కులో నుంచి ఎర్రకలిసిన నల్ల నీళ్లు. మా ముక్కు సంగతి నాకు తెలిసినంత ఇంకొకరికి తెల్వదు. మా జబ్బు ఎన్నడూ ఒక్క దిక్కునే రాలేదు, ఎన్నడూ చెంప మొద్దుబారలేదు. పేపర్లో రోజూ బ్లాక్ ఫంగస్ అని రాస్తనే ఉన్నరు. తెల్లారి ఆరుకు లాక్‌డౌన్ సడలింపు మొదలుకాంగనే మిర్యాలగూడ పోయి అన్నను బండెక్కిచ్చుకొని సూర్యాపేటకు తెచ్చిన. పండ్ల డాక్టరు నోరు తెరిపిచ్చి చూసిండు. అంగిట్లో ఎడమ దిక్కు రూపాయి బిళ్లంత మచ్చ, మసి పూసినట్టు. "ఈడ ఒక్క నిమిషం ఆగొద్దు, కోఠీ పోండి" అన్నడు. అప్పటికే ఎడమ కన్ను రెప్ప వాలిపోయింది. చెయ్యి అడ్డం పెట్టి చూపిస్తే ఎన్ని వేళ్లో చెప్పలేకపోయిండు.

కోఠీ ఈఎన్‌టీ ఆసుపత్రిని అప్పుడు ఈ రోగానికి కేంద్రం చేసిండ్రు. కరోనా ఇంకా ఉన్నోళ్లను గాంధీకి, తగ్గినోళ్లను ఈడికి. కంటి సంగతికి సరోజినీదేవి ఆసుపత్రి డాక్టర్లు. 2021 మే 20న రాష్ట్ర సర్కారు దీన్ని విధిగా తెలియజెయ్యాల్సిన రోగమని ప్రకటించింది. మేము పోయేనాటికి మంచం దొరకటమే గండం. ఆ రాత్రి వరండాలో గడిపినం. పొద్దున ఒక పీజీ డాక్టరమ్మ, వయసు మా బిడ్డంత, కిట్టు వేసుకొని చెమటలు కారుకుంట వచ్చి అన్న ముక్కులోకి దుర్బీను పెట్టింది. కొంచెం ముక్క తీసి పరీక్షకు పంపిచ్చింది. మధ్యాహ్నానికి మ్యూకర్ అని తేలింది.

ఆమె చెప్పినదాంట్లో నాకు బుర్రకెక్కింది ఇది. ఈ బూజు మట్టిలో, పెంటకుప్పలో, కుళ్లిన ఆకులో అంతట ఉన్నదే. దాని గింజలు గాలిలో అందరి ముక్కుల్లోకీ రోజూ పోతనే ఉంటయి. ఒంట్లో శక్తి ఉన్నోళ్లలో తెల్లకణాలు వాటిని మింగేస్తయి. షుగరు ముదిరి రక్తం పులిసిపోతే, అందులో ఇనుము కట్టు విడిపోయి బూజుకు తిండి అయితది. పైనుంచి స్టెరాయిడ్లు కావలోన్ని పండబెడతయి. అప్పుడది సైనస్ గదిలో మొలకెత్తి రక్తనాళాల్లోకి దూరి దారి మూసేస్తది. రక్తం అందని కండ చచ్చి నల్లబడుతది. నలుపు చచ్చిన కండదే, బూజుది కాదు. ఈ రోగం కరోనాకు ముందు కూడ ఉన్నదే. కిడ్నీ మార్పిడి అయినోళ్లు, రక్తం క్యాన్సరోళ్లు, షుగరు ముదిరినోళ్లు అప్పుడొకరు అప్పుడొకరు వచ్చేటోళ్లట. ఇప్పుడు వార్డులకు వార్డులే.

"మీకు చేసిన ఆపరేషనూ ఇదీ ఒకటేనా?" అని ఆమెను నేను అడగలేదు, ఆమెనే చెప్పింది. మామూలు సైనస్‌కు కిటికీ వెడల్పు చేసి ఊకుంటరు, గది గోడ ముట్టరు. ఇక్కడ రక్తం కనపడేదాక కోసుకుంట పోవాలె. చచ్చిన కండలో రక్తం ఉండదు. ఎక్కడ రక్తం వచ్చిందో అక్కడ ఆగాలె. మందు రక్తంలో పోతది గనక రక్తం లేని కాడికి మందు చేరదు. అందుకే కత్తి, మందు, షుగరు అదుపు, మూడూ ఒక్కసారి నడవాలె. ఒక్క ఆపరేషన్‌తో అయితదని మాటివ్వలేదు ఆమె.

పై దవడ ఎడమ సగం, అంగిలి సగం, కన్ను తియ్యాలన్నరు. అన్నకు స్పృహ ఉన్నది. నా ముందటనే, వదినె ముందటనే ఆయనకే చెప్పిండ్రు. చూపు ఎట్లా పోయింది, కన్ను ఉంచితే దాని వెనకనుంచి మెదడుకు పోతది, తీసినా పూచీ లేదు. అన్న చాలాసేపు ఊకున్నడు. ఆఖరికి ఒక్క మాట అడిగిండు.

"బస్తా ఎత్తొచ్చా అమ్మా?"

డాక్టరమ్మ నా దిక్కు చూసింది. తర్వాత అన్న మంచం పట్టె మీద చెయ్యి పెట్టి, "ముందు బతుకు తాతా, తర్వాత ఎత్తుదువు" అన్నది. వదినె కొంగు నోట్లో కుక్కుకున్నది. అన్న వేలిముద్ర వేసిండు. గోనె రాపిడికి గీతలన్నీ అరిగిన వేలు. రేషన్ మిషన్ ఎన్నడూ ఒక్కసారికి పట్టలేదు దాన్ని. కాయితం మీద నీలం చుక్క లెక్క పడ్డది.

పక్క మంచం మీద హుజూర్‌నగర్ దిక్కు పెద్ద రైతు. ఆయనకు కుడి కన్ను పోయింది. కట్టు మీద కట్టు. మేము చేరిన రోజే ఉన్న ఒక్క కన్నుతో నన్ను కిందనుంచి మీదికి చూసి, "ఏ ఊరు? ఎవరోళ్లు?" అని అడిగిండు. చెప్పిన. కొంచెంసేపు ఊకొని అటు తిరిగిండు. ముఖంలో సగం పోయినా ఆ ప్రశ్న పోలేదు. నాలుగు రోజులకు ఆయనకూ అన్నకూ ముక్కులో నుంచి పైపు వేసి పాలు, జావ పోసుడు మొదలైంది. పైపులో పోసేకాడ ఎవరింటి పాలని అడిగేదేమున్నది? లాక్‌డౌన్‌తో ఆయన కొడుకు రాలేని రోజు మా అక్క కాచిన రాగిజావ ఆయన పైపులోకి కూడ పోయింది. ఆమె అడగలేదు, ఆయన వద్దనలేదు.

అక్క రాకడ కూడ చెప్పాలె. కోదాడ నుంచి హైదరాబాదుకు ఆమె రెండు దినాలు పట్టి వచ్చింది. పొద్దున సడలింపులో కూరగాయల ఆటో ఎక్కి సూర్యాపేట, ఆడినుంచి మా వాళ్ల కారులో. ఆమె అత్తగారిది జగ్గయ్యపేట. 2021 మే రెండో వారంలో కోదాడ పక్కన రామాపురం అడ్డరోడ్డు కాడ ఆంధ్ర నుంచి వచ్చే అంబులెన్సులను ఆపేసిండ్రు. హైదరాబాదు ఆసుపత్రుల్లో మంచం ఉన్నట్టు కాయితం చూపిస్తేనే వదిలేది. హైకోర్టు తప్పుబట్టి ఆ ఉత్తర్వును ఆపినంక గని దారి తెరవలేదు. అక్క చెల్క పనికి పోతూ ఆ బండ్ల వరుసను కండ్లార చూసింది. "లోపల మనిషి, బయట పోలీసు, మబ్బులో లైటు తిరుగుతనే ఉన్నది. సైరను మాత్రం బంద్ చేసిండ్రు" అని ఒకటే మాట పదిసార్లు చెప్పింది.

మొదటి ఆపరేషన్ ఐదు గంటలు. రెండోది వారానికి. రెండోదాంట్లో ఇంకొంచెం ఎముక తీసిండ్రు. ఆ నడుమ రోజుల్లో వార్డులో అందరూ రెండు మాస్కులు పెట్టుకొని, మాస్కు మీద కొంగు పెట్టుకొని తిరిగేది. నేనూ వదినె మామూలుగనే కూచునేది. ఆమెకు అలవాటయింది, నాకు తెల్వదు. అక్క వచ్చి అన్న మంచం కాడ నిలబడ్డది. మూతి మీది గుడ్డ కిందికి గుంజి వాసన చూసింది. మా ముగ్గురిలో ఆమెదే పని చేసే ముక్కు.

"నాయిన లంద వాసన" అన్నది.

అసహ్యంగ అనలేదు. ఇంటికి పోయినంత మామూలుగ అన్నది. చెంబులో గోరువెచ్చని ఉప్పు నీళ్లు, గాజుగుడ్డ తీసుకొని, నర్సమ్మ చూపించిన తీరుగ అన్న నోటి చుట్టూ తుడిచింది. అన్న ఉన్న కన్నుతో నవ్వే ప్రయత్నం చేసిండు. యాభై ఏండ్లు దాటినంక మా లంద వాసన ఎట్లుంటదో నేను అక్కనడిగి తెలుసుకున్న. సున్నం, పచ్చి చెక్క, వాటి కింద చచ్చిన కండ, అని చెప్పింది. ఇక్కడ సున్నం బదులు స్పిరిటు, అంతే తేడా అన్నది.

మందు సంగతి వేరే కథ. లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ బి. మనిషి బరువు కిలోకు రోజుకు 5 మిల్లీగ్రాముల లెక్క. సీసాలో 50 మిల్లీగ్రాములే. అన్నకు రోజుకు ఐదారు సీసాలు, వారాల తరబడి. బయట ఒక్కో సీసా ఆరేడు వేలు, అదీ దొరికితే. కండ్ల ముందట ఒకాయన పొలం కాయితాలు పట్టుకొని ఫోనులో ఏడుస్తూ బేరం చేసిండు. సర్కారు కమిటీ వేసి పంచింది. మాకు ఆసుపత్రిలోనే ఇచ్చిండ్రు. కొన్ని దినాలు లేనప్పుడు పాత రకం ఎక్కిచ్చిండ్రు. అది ఎక్కితే చలి, వణుకుడు. నలుగురం పట్టుకుంటే మంచం గడగడలాడేది. కిడ్నీకి దెబ్బ, రక్తంలో పొటాషియం పడిపోవుడు, రోజూ రక్తం తీసి చూసుడు. ఒక రాత్రి డ్యూటీ డాక్టరు మాట్లాడుకుంట చెప్పిండు. ఈ మందును 1950లలో దక్షిణ అమెరికాలో వెనిజులా దేశం ఓరినోకో నది మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి తీసిండ్రట. రోగం మట్టిలో నుంచే, మందూ మట్టిలో నుంచే అన్నమాట. అన్నకు చెప్తే, "ఏ ఊరి మట్టో" అన్నడు ముక్కుతోనే, మాట సరిగ రాక.

లెక్కలు తర్వాత వచ్చినయి. 2021 జూన్ 28న కేంద్ర ఆరోగ్య మంత్రి చెప్పినదాని ప్రకారం దేశంలో 40,845 మందికి వచ్చింది. 3,129 మంది చచ్చిపోయిండ్రు. 26,187 మందికి షుగరున్నది. 21,523 మంది స్టెరాయిడ్లు వాడినోళ్లు. వీళ్లలో ఎంతమంది మిల్లు దుమ్ము తిన్నోళ్లో, ఎంతమంది గోలీలు ఏసుకునే తీరిక లేనోళ్లో ఆ లెక్కలో లేదు. అడిగినోళ్లు లేరు గద రాయటానికి.

ఇంకో మాట జనంలో పాకింది, ఇది మురికోళ్లకు వచ్చే రోగమని. మాస్కు ఉతుక్కోనోళ్లకు, మురికిల ఉండేటోళ్లకు అని. ఇది మనిషి నుంచి మనిషికి అంటదని డాక్టర్లు మొదటి రోజు నుంచి చెప్తనే ఉన్నరు. అయినా మిర్యాలగూడలో అన్నోళ్లుండే ఇంటి ఓనరు సామాను వరండాలో పెట్టిండు. వదినె ఫోనులో ఎంత చెప్పినా, "ఏమోనమ్మ, మా పిల్లలున్నరు" అన్నడట. ఆ ఓనరు మా కులపోడు కాదు, పెద్ద కులపోడూ కాదు. మా కంటే రెండు మెట్లు పైన. అంటే రోగాన్ని లెక్కచెయ్యకుండ మిల్లులు నడిపిచ్చిండ్రు, అంటని రోగానికి మనిషిని బయట పెట్టిండ్రు.

నలభై ఒక్క రోజులకు అన్నను సూర్యాపేటకు, మా ఇంటికి తెచ్చుకున్నం. పోసకొనజోల్ గోలీలు ఇంకో మూడు నెలలు. పక్క మంచం రైతు బతకలేదు. ఆయన కొడుకు మమ్ముల గేటు దాక సాగనంపిండు.

అంగిట్లో బొక్క ఉంటే తాగిన నీళ్లు ముక్కులో నుంచి వస్తయి. మాట మొత్తం ముక్కులోకి పోతది. పండ్ల ఆసుపత్రిలో అంగిలికి సరిపోయే ప్లేటు చేసిచ్చిండ్రు. పెట్టుకుంటే తింటడు, మాట్లాడుతడు. తీసి కడిగి, రోజూ ఉప్పు నీళ్లతో లోపల పుక్కిట పట్టాలె. ప్లేటు తీసినప్పుడు మనుమడు దగ్గరికి రాలేదు మొదట్ల. తర్వాత వాడే చెంబుతో నీళ్లు తెచ్చిస్తుండె.

2022లో సదరం క్యాంపుకు తీసుకపోయిన. వికలాంగుల పింఛను అప్పుడు నెలకు 3,016 రూపాయలు. నలభై శాతం ఉండాలె. ఒక కన్ను పూర్తిగ పోయి ఇంకో కన్ను బాగుంటే రూలు ప్రకారం ముప్పై శాతమే. దవడ సంగతి? అంగిలి సంగతి? 2016 చట్టంలో ఇరవై ఒక్క రకాల వైకల్యాలున్నయి. యాసిడ్ పోయించుకున్నోళ్ల ముఖానికి అందులో లెక్క ఉన్నది, ఉండాల్సిందే. బూజు తిన్న ముఖానికి లేదు. డాక్టరు మంచోడే, పుస్తకం తిప్పి చూపిచ్చిండు. మాట సంగతి అడిగితే ప్లేటు పెట్టుకుంటే వస్తది గద అన్నడు. అన్న ప్లేటు తీసి జేబులో పెట్టుకొని ఏదో అన్నడు. నాకు తెలిసింది, డాక్టరుకు తెల్వలె. నేనూ చెప్పలె. ఆ ఆగస్టు నుంచి యాభై ఏడేండ్లు దాటినోళ్లకు ఇచ్చే ముసలి పింఛను, 2,016, మొదలైంది.

మిల్లోళ్లు పనికి పెట్టుకోలేదు. ఒక కన్నుతో బస్తా నెత్తిన పెట్టుకొని పలక మీద నడిస్తే అంచు తెలువదు, నిజమే. నలభై నాలుగేండ్ల పనికి ఏమన్న ఇస్తరా అని ముఠా మేస్త్రీతో అడిగిపిస్తే, ఎవరి పేరు మీదున్నదయ్యా రికార్డు అన్నరు. ఏ రికార్డులోనూ అన్న పేరు లేదు. వచ్చిన లారీల పేర్లున్నయి, పోయిన బస్తాల లెక్కలున్నయి. ఎత్తినోని పేరు రాసుకునే పుస్తకమే లేదు. నేను లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టిన. రెండుసార్లు పిలిచిండ్రు, మిల్లు తరఫున ఎవరూ రాలేదు. మూడోసారి పిలుపు కోసం చూస్తున్నం. రశీదు నా దగ్గర్నే ఉన్నది.

ఇప్పుడు అన్న మా ఇంటి వెనక రెండు మేకలను సాకుతున్నడు. ప్లేటు ఒకసారి వదులైతే కొత్తది చేసిండ్రు, అదీ వదులవుతున్నది. ముఖం లోపల కండ మెల్లగ గుంజుకుంటదట. ఆరు నెలలకోసారి కోఠీ పోయి దుర్బీను పెట్టిచ్చుకొని వస్తం. పోయినసారి ఆ డాక్టరమ్మ లేదు, పీజీ అయిపోయి పోయిందట. కొత్త పిల్లగాడు చూసి, "లోపల శుభ్రంగ ఉన్నది పెద్దాయనా, షుగరెంతున్నది?" అని అడిగిండు. నూట అరవై అన్న. "ఇంకా తగ్గాలె" అని కాయితం మీద రాసి మళ్లా తారీఖు ఇచ్చిండు.